మూడు ట్యాబ్‌లు, ఒక పోగులద్దం

వేలూరు దగ్గరి గుడియాత్తంలో దేవేంద్రన్ ఉండే వీధికి మొదటిసారి వెళ్లినప్పుడు, అక్కడి మగవాళ్లందరూ ఒకే రంగు లుంగీ కట్టుకుని ఉండడం చూసి ఏదో మొక్కు కాబోలనుకున్నాను. ఇటుక రంగు మీద సన్నటి తెల్ల గళ్లు. అరుగు మీద పేపరు చదివే పెద్దాయనదీ అదే, సైకిలు తొక్కేవాడిదీ అదే, టీ బంకులో గ్లాసులు కడిగే ఆయనదీ అదే. నేను తిరిగిన ఊళ్లు తక్కువేమీ కాదు గానీ ఇలాంటి వీధి చూడలేదు. చివరికి ఉండబట్టలేక మగ్గాల శివలింగాన్ని అడిగితే పెద్దగా నవ్వాడు.

"మొక్కేం లేదు సామీ. ఇది షాలిని రంగు. వేలూరు నుంచి తిరిగొచ్చిన సరుకు. యాడ పారేసేది? కట్టుకుంటా ఉండాం."

షాలిని దేవేంద్రన్ కోడలు. ఆ వీధిలోని పదకొండు మగ్గాలకూ లుంగీ గళ్ల డిజైన్లు గీసేది ఆమే. రెండేళ్ల కిందట వేలూరులో లుంగీల దుకాణం నడిపే జానకిరామన్ ముదురు మెరూన్ రంగు కావాలని ఆమె ఫోనుకు బొమ్మ పంపాడు. ఆ బొమ్మ చూసుకుంటూ దేవేంద్రన్ నూలుకు అద్దకం వేశాడు. నేసి పంపితే సరుకంతా తిరిగొచ్చింది. మెరూన్ అడిగితే ఇటుక పంపారేమిటని జానకిరామన్ కేకలేశాడు. దేవేంద్రన్ తప్పు ఫోనుదన్నాడు. వీధి మాత్రం ఫోను ఎవరి చేతిలో ఉందో వాళ్లదంది. అప్పటినుంచి ఆ లుంగీ షాలిని రంగు లుంగీ అయింది. ఆమె నీళ్లకు వెళ్లినా, కూరగాయలకు వెళ్లినా, ఎదురొచ్చే ప్రతి మగవాడి నడుముకూ ఆమె తప్పు చుట్టుకుని ఉంటుంది. అలాంటి శిక్ష ఏ శిక్షాస్మృతిలోనూ నేను చదవలేదు.

ఇక దేవేంద్రన్ సంగతి. డెబ్భై ఒకటో ఏడు. నలభై ఏళ్లుగా అద్దకపు తొట్టి ముందు నిలబడ్డ మనిషి. గోళ్ల అంచుల్లో నీలం దిగిపోయి ఇక రాదు. ఆయనకు నమ్మకం అనేది ఉందో లేదో నాకు తెలియదు గానీ, అనుమానం మాత్రం నిండుగా ఉంది. బస్సు టిక్కెట్టును వెలుతురుకు పట్టి చూస్తాడు. మందుల దుకాణంలో అట్ట మీది మాత్రలను వేలితో తడిమి లెక్కపెడతాడు. నేనిచ్చిన పెన్నును కూడా ముందు కాగితం మీద గీసి, కాగితం వెనక్కి తిప్పి, సిరా దిగిందో లేదో చూశాకే జేబులో పెట్టుకున్నాడు. నా సంచిలోని తెలుగు పుస్తకం తెరిచి, తలకిందులుగా తిప్పి, "మేము మాట్లాడేది ఇదేనా? మురుకులు పిండినట్టుండాదే" అన్నాడు. తెలుగు తప్ప మరో భాషలో కలలు రాని మనిషే, చదవడం మాత్రం అరవమే వచ్చు.

ఆయన దగ్గర ఒక ఇత్తడి అద్దం ఉంది. మూడు మడతలు. తెరిచి బట్ట మీద నిలబెడితే అడుగున అంగుళం చదరపు కిటికీ, పైన భూతద్దం. కిటికీ అంచున పావు అంగుళాలకు గీతలు. దానితో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కిస్తారు. నేత ఎంత దగ్గరో, వ్యాపారి చెప్పింది ఎంత నిజమో తేలేది దానిలోనే. వీధిలో దాన్ని పోగులద్దం అంటారు. ఆయన చొక్కా జేబులో కళ్లజోడు లేకపోయినా అది ఉంటుంది.

రంగు చూడడంలో ఆయనకో పద్ధతి ఉంది. తొట్టి కాగుతుంటే నూలు ఆరేదాకా ఆగడానికి కుదరదు. అందుకని మాదిరి నూలును కూడా నీళ్లలో ముంచి, పిండి, తొట్టిలోంచి తీసిన తడి నూలు పక్కన పెట్టి చూస్తాడు. "తడి పక్కన తడి, ఎండు పక్కన ఎండు. దాయాదుల్ని ఒకే బంతిలో కూర్చోబెడితేనే కదప్పా ఎవురు ఎక్కువ తిన్నారో తెలిసేది" అన్నాడు నాతో. ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈ ఏడు జానకిరామన్ మళ్లీ కబురు పెట్టాడు. రంగూ గళ్లూ తెర మీద చూపించి ఖాయం చేసుకుందాం, ఫోను చిన్నది, ట్యాబ్ కొనుక్కోండి, ఈసారి తేడా వస్తే మీ వీధి దిక్కు చూడను, డిజైన్ గీసే మనిషిని మార్చుకోండి అని. పదకొండు మగ్గాలవాళ్లూ కలిసి ఒక ట్యాబ్ కొందామనుకున్నారు. కొత్తగా వచ్చిన ట్యాబ్ ఒకటి చవకనీ, గీయడానికి పెన్ను కూడా ఊరికే ఇస్తున్నారనీ షాలిని తెలుసుకుంది. ఆమెకు అదే కావాలి. కొనే ముందు పరీక్షించే పని మాత్రం దేవేంద్రన్‌కు అప్పగించారు. అలాంటి పనికి ఆయన్ను మించినవాడు జిల్లాలో లేడు.

ఆ బస్సులో నేనూ ఎక్కాను. నాకు వేలూరులో పనేమీ లేదు. పని లేకుండా బస్సెక్కడమే నా పని. దారిలో దేవేంద్రన్ ఒళ్లోని సంచి చూపించాడు. రంగురంగుల నూలు చిలపలు, అంటే చిన్న చిన్న నూలు కట్టలు, ఒక్కొక్కదానికీ షాలిని అరవంలో రాసి కట్టిన చీటీ. అడుగున విడిగా ఒకటి.

"ఇది ఆ పాపం సరుకులో మిగిలిన నూలు. సాక్ష్యానికి తెచ్చినా. ఫోను చేసిన మోసం ఈ ట్యాబ్ కూడా చేస్తుందా లేదా, దీంతోనే తేలుస్తా."

పక్క సీట్లోని షాలిని కిటికీ బయటకు చూస్తూ కూర్చుంది.

నాకొకటి గుర్తొచ్చింది. ఈ ప్రాంతపు గళ్ల బట్ట ఒకప్పుడు సముద్రాలు దాటి వెళ్తే, ఉతికినప్పుడు రంగు పోతోందని అక్కడివాళ్లు గొడవ చేశారట. అమ్మినవాళ్లు తెలివిగా, రంగు పోవడమే దీని గొప్పదనం అని ప్రకటనలు వేసి మరింత అమ్మారట. ఈ కథ చెబితే దేవేంద్రన్ నవ్వలేదు. "అట్ల చెప్పినోడు ఇప్పుడు ట్యాబ్‌లు అమ్ముతా ఉంటాడు" అన్నాడు.

వేలూరులో ట్యాబ్‌ల దుకాణంలో అమ్మే అమ్మాయి పేరు యోగిత. మొదట అరవంలో మొదలుపెట్టి, మామాకోడళ్ల గుసగుసలు విని, "మాది పొన్నై తాతా, మేమూ తెలుగే" అంది. దేవేంద్రన్ మెత్తబడలేదు.

"తెలుగోళ్లయితే ఇంకా జాస్తి జాగ్రత్తగా ఉండాల. మూడు ట్యాబ్‌లు తియ్యమ్మా. కొత్తది, పాత పేరున్నవి రెండు. బయట వసారాలో పెట్టు."

"లోపల ఏసీ ఉండాది కదా తాతా."

"ఏసీ నాకెందుకు? లోపల మీ దీపాలు ఉండాయి. దీపం కింద చీర కొన్నోళ్లు ఇంటికి పొయ్యి ఏడ్చినారు."

యోగిత నవ్వుతూనే మూడింటినీ వసారాలో బల్ల మీద పెట్టింది. కొత్తది నీలం అంచుది. పేరున్నవాటిలో ఒకటి నల్లది, ఒకటి వెండి రంగుది. దేవేంద్రన్ ఇత్తడి అద్దం తీసి తెర మీద నిలబెట్టాడు.

"తాతా, గీత పడుతుంది!"

"నలభై ఏండ్లుగా పట్టు మీద పెడతా ఉండా. దానికే పడలేదు." ఒక కన్ను మూసి వంగాడు. "ఇదేంది, నేతే కదా! అడ్డంగా నిలువుగా చుక్కలు. అంగుళానికి ఎన్ని అని చెప్పినారు?"

"డబ్బా మీద రెండు వందల అరవై నాలుగు తాతా. కొత్తదానికీ నల్లదానికీ అంతే. వెండిది కొంచెం తక్కువ."

ఆయన పావు అంగుళం లెక్క మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి, ఊపిరి ఆగింది. నల్లదానిలో అరవై ఆరు వచ్చాయి. నాలుగుతో హెచ్చిస్తే సరిపోయింది. కొత్తదానిలో యాభై నాలుగే వచ్చాయి. మళ్లీ లెక్కించాడు. యాభై నాలుగే.

"అంటే రెండు వందల పదారు. పల్చన నేత నేసి దగ్గరి నేత అని చీటీ కట్టినాడు. అంగుళానికి నలభై ఎనిమిది పోగులు ఎవురు తిన్నారమ్మా?"

యోగిత డబ్బా చదివింది. అద్దంలో చూసింది. మళ్లీ డబ్బా చూసింది. "నాకు తెల్దు తాతా. వాళ్లు రాసింది మేము చెప్తాం" అంది. ఆ ఒక్క మాటతో ఆ అమ్మాయి మీద ఆయనకు కొంత నమ్మకం కలిగిందని నేననుకుంటున్నాను.

"మామా, చుక్కలు తక్కువైనా గళ్లు గీసేదానికి చాలు. పెన్ను ఇస్తా ఉండారు" అంది షాలిని.

"డబ్బా మీదే అబద్ధం రాసినోడు, లోపల రంగుల్లో ఎంత అబద్ధం కలిపినాడో! పసుపు పెట్టమ్మా."

యోగిత కొత్తదాని తెర నిండా పసుపు పెట్టింది. ఆయన అద్దంలో చూసి ఉలిక్కిపడ్డాడు.

"పసుపు పోగే లేదు దీంట్లో! అంతా ఎర్ర చుక్క, ఆకుపచ్చ చుక్క. పసుపు అని చెప్పి ఒక్క పోగు కూడా పెట్టలేదు దొంగనాయాలు!"

షాలిని చూసింది, నేను చూశాను. నిజమే. వసారాలో వెళ్తున్న నర్సు ఒకామె ఆగి చూసింది. ఆటో దిగిన ఒకాయన చూశాడు. చిన్న వరసే ఏర్పడింది. యోగిత మిగతా రెండింటి మీదా పసుపు పెట్టి, "వీటిల్లో కూడా చూడండి తాతా" అంది. వాటిలోనూ పసుపు లేదు. దేవేంద్రన్ అద్దం మడిచాడు. ఒకడు దొంగయితే చెప్పగలడు గానీ, ముగ్గురూ ఒకే దొంగతనం చేస్తే దాన్నేమనాలో ఆయనకు తోచలేదు.

"ఎర్ర పడుగు, ఆకుపచ్చ పేక వేస్తే నాకు మట్టి రంగు వస్తాది" అన్నాడు చివరికి. "వీనికి పసుపు వస్తా ఉండాది. ఇది మన నేత కాదు. వెలుతురు నేత. సరే, ఆ మెరూన్ పెట్టు. అసలు లెక్క అదే."

షాలిని తన ఫోనులో దాచుకున్న జానకిరామన్ పాత బొమ్మను మూడింటికీ పంపి తెరిచింది. మూడు తెరల మీదా ముదురు మెరూన్. కొత్తదానిలో మరీ నిగనిగలాడింది. దేవేంద్రన్ సంచి అడుగున ఉన్న సాక్ష్యం చిలప తీశాడు. బల్ల మీదున్న యోగిత నీళ్ల సీసా మూత తిప్పి, చిలప ఒక కొసన నీళ్లు పోసి, గట్టిగా పిండి, తడి కొసను నల్ల ట్యాబ్ మీదికి తెచ్చాడు.

"అయ్యో తాతా, నీళ్లు!" యోగిత ట్యాబ్‌ను లాక్కుంది.

"ఎండు నూలు పెట్టి రంగు చూస్తారా యాడైనా? పట్టుకోమ్మా, తగలనియ్యను." కళ్లు చికిలించి చూశాడు. మొహం వెలిగింది. "చూడు, పోగు తేడా లేదు! తిరిగొచ్చిన సరుకు నూలే ఈ బొమ్మకి సరిపోతా ఉండాది. ఫోను చేసిన మోసమే ఇదీ చేస్తా ఉండాది."

షాలిని తెర వైపు చూడడం లేదు. మామగారి చేతిలోని చిలపను చూస్తోంది. తడిసిన సగం ముదురు మెరూన్. తడవని సగం ఇటుక రంగు. అక్కడినుంచి ఆమె చూపు మెల్లగా ఆయన కట్టుకున్న లుంగీ మీదికి దిగింది.

"మామా," అంది, గొంతు తగ్గించి. "ఆ పొద్దు ఫోనులో బొమ్మ పక్కన పెట్టినప్పుడు, నూలు తడిగా ఉన్నిందా, ఎండుగా ఉన్నిందా?"

దేవేంద్రన్ చేతిలోని చిలపను తిప్పి చూసుకున్నాడు.

"మాదిరి నూలయితే ముంచుతావు. ఫోనుని ముంచలేం కదా మామా."

వరసలో నిలబడినవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. ఆయన వసారా మెట్టు మీద కూర్చుని, చిలపను ఒళ్లో పెట్టుకుని, తడి కొసను తన లుంగీ మీద ఒకసారి, ఎండు కొసను ఒకసారి ఆనించి చూసుకున్నాడు. రెండేళ్లుగా ఫోనును, బొమ్మ పంపినవాణ్ని, బొమ్మ చూపిన కోడల్ని అనుమానించాడు. తన చెయ్యిని మాత్రం అనుమానించలేదు. నలభై ఏళ్లు తప్పు చేయని చెయ్యి అది.

తలెత్తి, "జానకిరామన్ కాడ ఉండే ట్యాబ్ యాదో అడుగు" అన్నాడు. షాలిని ఫోను చేసింది. నల్లదే.

"అయితే నల్లది తీసుకో. ఇద్దరూ ఒకే దాంట్లో చూడాల. పెన్ను తరవాత కొందాం, అందాకా వేలితో గియ్యి." లేచి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి యోగితతో, "డబ్బాలో పెట్టే ముందు ఇంకోసారి పావు అంగుళం లెక్క పెట్టనియ్యి. బల్ల మీద చూపించేది ఒకటి, డబ్బాలో పెట్టేది ఒకటి కాకూడదు" అన్నాడు. లెక్కపెట్టాడు కూడా.

తరవాతి పన్నెండు రోజులూ నేను ఆ వీధిలోనే ఉన్నాను. దేవేంద్రన్ నూలుకు అద్దకం వేసి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఎండాక పగటి వెలుతురులో ట్యాబ్ పక్కన పెట్టి, తేడా ఉంటే మళ్లీ ముంచాడు. నేసిన మాదిరి వేలూరు వెళ్లింది. జానకిరామన్ ట్యాబ్‌కు 'సరి' అని పంపాడు. ఆ మాట నిజంగా అతను పంపిందేనా అని దేవేంద్రన్ ఫోను చేసి మరీ అడిగాడు.

వసారాలో జరిగింది షాలిని ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. 'సరి' వచ్చిన సాయంత్రం టీ బంకు దగ్గర శివలింగం వెటకారం మొదలుపెట్టాడు.

"ఏమన్నా, ఈ తూరి షాలిని రంగు రాలేదంటనే? మాకు కొత్త లుంగీలు లేనట్టేనా?"

"అది షాలిని రంగు కాదప్పా," అన్నాడు దేవేంద్రన్. "నా రంగు. తడి నూలు చూసి వేసినా. తప్పు నాది."

శివలింగం ఆయన్ను కిందికీ మీదికీ చూశాడు. "కోడల్ని కాపాడేదానికి చెప్తా ఉండావా అన్నా? నువ్వా, రంగు తప్పేది? నమ్మమంటావా?"

అనుమానించే హక్కు ఆ వీధిలో తనకొక్కడికే ఉందనుకున్నాడో ఏమో, దేవేంద్రన్ క్షణం తెల్లబోయాడు. తరవాత గ్లాసులు కడిగే బకెట్లోంచి చెంబుతో నీళ్లు తీసి, శివలింగం లుంగీ మోకాలి కిందుగా కుమ్మరించాడు. శివలింగం గెంతాడు. తడిసినంత మేరా ఇటుక రంగు ముదిరి, చిక్కటి మెరూన్ అయింది.

"జానకిరామన్ అడిగిన రంగు ఇదే," అన్నాడు దేవేంద్రన్. "కదలొద్దు. అందరినీ చూడనీ."

అది ఆరేలోపల వీధంతా వచ్చి చూసింది.