సింహాచలమ్మ ఇనప మూకుడు

"ఏటి బాబూ నవ్వుతావు? బలం రావాలనే కదా ఇనప మూకుడులో కాసినాను!" అంది సింహాచలమ్మ, తను పనిచేసే చోటు చూడడానికి వచ్చిన నాతో.

బెంగాలీ నగరంలోని ఏక్‌బాల్‌పూర్ పేటలో స్థిరపడిన తెలుగు మనిషి. టీకాలు తయారుచేసే చోట ఇరవై ఆరేళ్లుగా సూక్ష్మజీవులకు తిండి వండుతోంది. గొంతులో చేరి డిఫ్తీరియా తెచ్చే సూక్ష్మజీవి చేత అక్కడ విషం పుట్టించి, ఆ విషాన్ని విరిచి టీకా చేస్తారు. పోయిన నెల స్టీలు గిన్నె మరమ్మతుకు వెళితే, మాంసం రసాన్ని ఇంటి నుంచి తెచ్చిన మూకుడులో కాచింది. కడుపుతో ఉన్న కోడలికి రక్తం పట్టడానికి అందులోనే వండి పెట్టేదట.

సూక్ష్మజీవులు బాగానే పెరిగాయి. విషం మాత్రం దాదాపు లేదు. పెద్దాయన సాన్యాల్ బాబు, సూక్ష్మజీవులను పంపినవాళ్లదే తప్పని ఫిర్యాదు రాయడం మొదలుపెట్టారు. నిన్న శిక్షణకు వచ్చినవాళ్లకు ఆయనే పాఠం చెబుతూ, ఇనుము కరువైతేనే ఈ జీవి విషం చేస్తుందనీ, దండిగా దొరికితే మానేస్తుందనీ అన్నారు. సీసాలు కడుగుతున్న సింహాచలమ్మ చేతులు ఆగిపోయాయి.

రిటైరవడానికి ఇంకా ఆరు నెలలుంది. ఒప్పుకుంటే ఉద్యోగం ఊడుతుందని భయం, ఒప్పుకోకపోతే ఎవరో అమాయకులు ఇరుక్కుంటారు.

"నువ్వెల్లి సెప్పు బాబూ. బయటోడివి, నిన్ను తిడితే పోయేదేటి? ఇప్పుడే కాదు. ఆ బాబు కూడా ఆ పురుగు లాంటోడే, కరువులో ఉంటే విషం కక్కుతాడు. ముందు నాలుగు కచోరీలు తినిపించు, ఆనక మూకుడు మాట ఎత్తు."