ఓడ ఎక్కించే రేవు

లిమరిక్‌లో ఉదయం ఏడు దాటాక రైలెక్కాం, నేనూ మా అమ్మాయి సుజాతా. దారిలో రెండుసార్లు రైలు మారి, పదిన్నరకు కోవ్ అనే రేవు చేరాం. సుజాత లిమరిక్ ఊళ్లో ఆసుపత్రిలో నర్సు. సెలవు పెట్టుకుని మరీ తీసుకొచ్చింది.

కోవ్ ఎదుట స్పైక్ అనే దీవి ఉంది. పూర్వం ఈ ఐరిష్ దేశపు ఖైదీలను అందులో ఉంచి, ఓడల్లో ఆస్ట్రేలియాకు తోలేసేవారట. అది విన్నాకే వస్తానన్నాను. మా తాత మీద ఖూనీ కేసు పెట్టి అండమాను పంపారు. మామ్మ రాజమండ్రి జైలుకు నడిచి వెళ్లేసరికే ఆయన్ను మద్రాసు తీసుకుపోయారు. ఓడ ఎక్కించిన చోటైనా చూడలేదని మామ్మ కడదాకా అనేది.

దీవికి పడవలో పావుగంట. గాలి కోసేస్తుంది, మందపు కోటు లేనిదే వెళ్లకండి. కోటలో చీకటి గదులు చూశాం. గోడల మీద రాసినదంతా ఇంగ్లీషే. నేను యాభై దాటాక నేర్చినవి తెలుగక్షరాలు మాత్రమే, కాబట్టి సుజాతే చదివి చెప్పింది.

మధ్యాహ్నం రేవు గట్టున పులిహోర తింటుంటే నోరా అనే, దగ్గర్లోని కార్క్ ఊరి ముసలావిడ పక్కన కూర్చుంది. వాళ్ల పూర్వీకుడొకడు గొర్రెను దొంగిలించి ఇక్కడి నుంచే వెళ్లాడట. వాడు ఓడెక్కిన రాత్రే తల్లి ఇంట్లో, చనిపోయినవాళ్లకు చేసినట్టే శవజాగారం చేసిందట. ఆరేళ్లకు వాడి ఉత్తరం వస్తే తీసుకోలేదట.

"వాడి కోసం ఏడవడం అయిపోయిందందట, అమ్మా," అంది సుజాత.

మా మామ్మ బొట్టు తీయలేదని చెప్పించాను. ఆవిడ పోయినరోజు స్నానం చేయిస్తూ ఆ బొట్టు తుడిచేసింది నేనేననీ చెప్పించాను. నోరా ఏదో అడిగింది. సుజాత పులిహోర డబ్బాకు మూత పెట్టసాగింది.

"చెప్పవే."

"తాతగారు పోయినట్టు కబురొచ్చిందా అని అడుగుతోంది."

రాలేదు. బొట్టు తుడిచి ఆ కబురు నేనే పుట్టించాను. అప్పటి నుంచి తమ్ముడు ఏటా తద్దినం పెడుతున్నాడు.

అయిదింటికి తిరుగు రైలు. చాలాదూరం నీళ్ల పక్కనే వెళుతుంది. ఇంతకీ ఆ రేవులో చూడ్డానికేమీ లేదు, రాళ్లూ నీళ్లూ. అయినా మామ్మను ఒక్కసారి అక్కడ నిలబెట్టి ఉంటే బాగుండేది.

"ఈ ఏడు తాతకు తద్దినం వద్దని మావయ్యకు చెప్పు," అన్నాను.

"ఆయనకు నూట ఇరవై ఏళ్లుంటాయమ్మా."

"ఉండనీ."