తగ్గిందన్న మాట

మాత్రకూ టీకీ మధ్య ఉండే గంట ఒక్కటే సరళకుమారి సొంతం. మిగతా రోజంతా ఢిల్లీ జియా సరాయ్ అద్దెగదుల్లో ఉండి పరీక్షలకు చదువుకునే తెలుగు పిల్లలది. వాళ్ళ అన్నానిది, పప్పుచారుది, సాయంత్రానికి ఖాళీ అయి తిరిగొచ్చే స్టీలు డబ్బాలది. తెల్లవారుతుండగా పరగడుపున చిన్న తెల్లటి మాత్ర వేసుకుని, గ్లాసుడు నీళ్ళు తాగి, టీకి గంట ఆగాలి కాబట్టి వంటింటి కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. ఎదురు మేడకూ తన మేడకూ మధ్య చెయ్యి చాపితే అందేంత సందు. అందులోకి వెలుతురు నేరుగా రాదు. ఆ గోడకూ ఈ గోడకూ తగిలి, కొంత అక్కడా కొంత ఇక్కడా ఒలికిపోయి, మిగిలింది కిటికీలోకి వస్తుంది. దాన్ని చూస్తూ ప్రార్థన చేసుకుంటుంది. ఒక్కోసారి అది ప్రార్థనో ఉత్త ఆలోచనో ఆమెకే తెలియదు.

మెడ కింది భాగాన సన్నటి గీత ఉంది. పద్నాలుగేళ్ళ కిందట థైరాయిడ్ గ్రంథిలో గడ్డ వచ్చింది. క్యాన్సర్ అన్నారు. గ్రంథి మొత్తం తీసేశారు. అది చేసే పని అప్పటినుంచీ ఈ మాత్ర చేస్తోంది. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు, ఇప్పుడు రిటైరై ఎక్కడున్నాడో తెలియదు, డిశ్చార్జి రోజు మంచం పక్కన నిలబడి అన్నాడు: "యే ఆప్ కా పహరేదార్ హై. ఇస్కో కభీ కమ్ మత్ కర్నా."

ఈ మాత్ర మీ కాపలావాడు, దీన్ని ఎప్పుడూ తగ్గించకండి అని. ఒంటికి కావలసిన దానికన్నా మందు కాస్త ఎక్కువే ఇస్తున్నామనీ, ఎక్కడైనా ఒక చెడ్డ కణం నిద్రపోతూ ఉంటే అది లేవకుండా ఉండడానికనీ వివరించాడు. వివరం మరిచిపోయింది. కాపలావాడు మిగిలాడు. పెళ్ళిళ్ళకు చీరాల వెళ్ళినా, రైలు బీనా దగ్గర ఆగిపోయినా, సరళకుమారి ఒక్కరోజు కూడా వాడికి సెలవివ్వలేదు.

రెండేళ్ళ కిందట కొత్త డాక్టరమ్మ ఎముకల పరీక్ష చేయించింది. కొంచెం పల్చబడుతున్నాయని కాల్షియం మాత్రలు రాసింది. అయితే వాటిని రాత్రి భోజనం తర్వాతే వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రతో కలిస్తే దాన్ని ఒంట్లోకి చేరనివ్వవట.

"అత్తాకోడళ్ళన్నమాట," అన్నాడు ఆనందబాబు. ఆమె భర్త. ఒకప్పుడు హాస్పిటల్ వ్యాన్ నడిపేవాడు, ఇప్పుడు స్కూటర్ మీద డబ్బాలు అందిస్తాడు. "ఇద్దర్నీ ఒకేసారి వంటింట్లోకి రానివ్వకూడదు."

ఈ ఏడు మళ్ళీ పరీక్ష చేయించుకుంది. ఫలితం కోసం ఎదురుచూస్తున్న శుక్రవారం సాయంత్రం కూతురు స్తుతి ఫోన్ చేసింది.

స్తుతి గుర్గావ్‌లో ఉద్యోగం చేస్తుంది. వారమంతా స్నేహితురాళ్ళతో అక్కడే ఉండి ఆదివారం వస్తుంది. ఢిల్లీలోనే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. తల్లి మీద ప్రేమ ఎక్కువైనప్పుడే తెలుగు మాట్లాడుతుంది. రిపోర్టు ఫోన్‌లో చూసుకుని, చెడ్డ కబురు అమ్మ భాషలో చెబితే మెత్తగా తగులుతుందనుకుంది.

"మమ్మీ, బోన్ రిపోర్ట్ వచ్చింది."

"ఎట్టా ఉందే?"

"తగ్గింది మమ్మీ."

"తగ్గిందా?"

"ఆఁ. పోయినసారి కన్నా బాగా తగ్గింది. నువ్వు టెన్షన్ పెట్టుకోకు. మంగళవారం డాక్టర్ దగ్గరికి నేను కూడా వస్తా."

"దేవునికి స్తోత్రం తల్లీ."

స్తుతి గొంతు తడిగా వచ్చింది. "మమ్మీ, నువ్వు ఎంత స్ట్రాంగో."

కష్టంలో కూడా స్తోత్రం చెప్పడం ఆ ఇంటి అలవాటే. గ్యాస్ అయిపోయినా స్తోత్రమే, మామ్మ చనిపోయినప్పుడూ స్తోత్రమే. అందుకే స్తుతికి అనుమానం రాలేదు. జ్వరం తగ్గింది, నొప్పి తగ్గింది, వాపు తగ్గింది అన్న మాటల మధ్యే జీవితమంతా గడిచింది కాబట్టి సరళకుమారికీ రాలేదు.

"ఏవండీ, తగ్గిందంట."

"ఏది, ఉల్లిపాయల రేటా?"

"నా ఎముకల జబ్బు. బాగా తగ్గిందంట."

ఆనందబాబు చెప్పులేసుకుని వెళ్ళి వేడి జిలేబీ తెచ్చాడు. ఆ రాత్రి ఆమె కాల్షియం వేసుకోలేదు. జబ్బు తగ్గాక మందెందుకు అనుకుంది. పడుకుంటే ఎముకలు ఎవరో సర్ది పెట్టినట్టు, ఒక్కొక్కటీ దాని చోట్లో అది హాయిగా ఉన్నట్టు అనిపించింది.

తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నం సాకేత్ దగ్గర ఒక బడి హాల్లో కూడుతుంది. వచ్చేవాళ్ళలో సగం మంది నర్సులే. పాస్టర్ నోయల్ అయ్యగారు సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అనగానే సరళకుమారి లేచింది. ఆపరేషన్ తర్వాత ఆమె గొంతు కాస్త బొంగురుపోయింది. ఆ గొంతుతోనే చెప్పింది. "రెండేళ్ళ నుంచి నా ఎముకల గురించి మీరందరూ ప్రార్థన చేశారు. రిపోర్టు వచ్చింది. బాగా తగ్గింది."

హాలంతా స్తోత్రం అంది. స్తుతి అప్పుడే మెట్రో దిగి వచ్చి వెనక తలుపు దగ్గర చెప్పులు విప్పుతోంది. ఒక కాలికి చెప్పు అలాగే ఉండిపోయింది.

కూటం ముగిశాక బయట మెట్ల మీద, కాగితం కప్పుల్లో టీ పట్టుకుని ముగ్గురూ నిలబడ్డారు.

"మమ్మీ, మైనే యే నహీఁ కహా థా."

"మరేం చెప్పావు? తగ్గిందన్నావు కదా?"

"తగ్గింది, మత్లబ్, బోన్ తగ్గింది. కమ్ హో గయా. లెస్."

"అదేగా నేనూ చెప్పింది."

"నహీఁ మమ్మీ. ఎముక తగ్గింది. జబ్బు పెరిగింది."

సరళకుమారి కప్పులోకి చూసింది. టీ మీద మీగడ తరక ముడుచుకుంటోంది. "పెరిగితే పెరిగిందని చెప్పాలి గానీ, తగ్గిందంటావేంటే?"

"పెరగలేదు కదా. ఎముక తగ్గింది."

"మరి జిలేబీ?" అన్నాడు ఆనందబాబు. ఇద్దరూ అతని వైపు చూశారు. "ఊరికే అడిగా."

మంగళవారం డాక్టరమ్మ గదిలోకి అడుగు పెట్టేముందు సరళకుమారి కూతురి మోచెయ్యి పట్టుకుంది. "ఈసారి నాకు తెలుగులో చెప్పకు. ఆమె చెప్పింది చెప్పినట్టు హిందీలోనే విననీ."

డాక్టరమ్మ ఓపికైన మనిషే. రిపోర్టు తిప్పి చూపించింది. టీ-స్కోరు అని రాసి దాని పక్కన మైనస్ గుర్తు ఉంది. ఆనందబాబు వెనకనుంచి మెల్లగా అన్నాడు. "నే చెప్తానే ఉన్నా, టీలు తగ్గించమని."

"డాడీ, ఆ టీ కాదు," అంది స్తుతి.

ముప్పై ఏళ్ళ ఆరోగ్యమైన ఆడమనిషి ఎముకలతో మీ ఎముకల్ని పోలుస్తాం ఆంటీజీ, అని చెప్పింది డాక్టరమ్మ. ఎంత తక్కువున్నాయో ఆ మైనస్ చెబుతుంది. పోయినసారి కన్నా ఇప్పుడు ఇంకా కిందికి దిగింది.

ముప్పై ఏళ్ళ ఆడమనిషి ఎవరు అని సరళకుమారి ఆలోచనలో పడింది. తనకు ముప్పై ఏళ్ళున్నప్పుడు ఈ ఊరికి వచ్చింది. మూడో అంతస్తుకు రెండు చేతుల్లో రెండు బకెట్ల నీళ్ళు మోసేది, మెట్ల మీద పాట పాడుకుంటూ. ఆ మనిషిని ఎక్కడో ఒక గదిలో అలాగే నిలబెట్టి ఉంచారనీ, ఏటేటా తనను తీసుకెళ్ళి ఆమె పక్కన నిలబెడుతున్నారనీ అనిపించింది. ఆమె తనను గుర్తుపడుతుందో లేదో.

"ఆంటీజీ, సున్ రహీ హైఁ?"

"జీ."

డాక్టరమ్మ రెండో కాగితం తీసింది. రక్తపరీక్ష. అందులో టీఎస్‌హెచ్ అన్న అంకె చాలా తక్కువగా ఉంది. అంటే మందు ఎక్కువవుతోందని అర్థం అంది. ఏళ్ళ తరబడి మందు అలా ఎక్కువగా ఉంటే, అందులోనూ ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళలో, ఎముకలు అరుగుతాయి.

"తక్కువుంటే ఎక్కువా?" అంది సరళకుమారి.

"హాఁజీ. ఇది తక్కువైతే మందు ఎక్కువైనట్టు. అందుకే డోసు ఒక మెట్టు తగ్గిద్దాం."

సరళకుమారి చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. "నహీఁ. పెద్ద డాక్టర్ సాబ్ చెప్పారు. కభీ కమ్ మత్ కర్నా అని."

డాక్టరమ్మ ఆ మాటను కొట్టేయలేదు. ఆయన ఆ రోజుల్లో సరిగ్గానే చెప్పారంది. కానీ పద్నాలుగేళ్ళుగా మెడ స్కాన్ శుభ్రంగానే ఉంది, రక్తంలోనూ ఆ జబ్బు జాడ లేదు. ఇప్పుడు జబ్బు తిరిగొచ్చే భయం కన్నా, జారి పడితే తుంటి విరిగే భయమే పెద్దది. రానే రాదని ఎవరూ మాట ఇవ్వలేరు. అందుకే రెండు నెలల తర్వాత రక్తం చూద్దాం, మెడ స్కాన్ ఆపం, ఏడాదికో రెండేళ్ళకో ఎముకలు మళ్ళీ చూద్దాం. కాల్షియం ఎప్పటిలాగే రాత్రి. రోజూ ఎండలో నడక.

"పహరేదార్‌ను తీసెయ్యట్లేదు ఆంటీజీ. వాడి నైట్ డ్యూటీ కాస్త తగ్గిస్తున్నాం, బస్. ఆలోచించుకోండి. తొందరేం లేదు."

కొత్త సీసా కొని తెచ్చారు. అది వంటింటి గూట్లో పాత సీసా పక్కన కూర్చుంది. బుధవారం పాతదే వేసుకుంది. గురువారమూ పాతదే. ఆ గంట ఇప్పుడు మునుపటిలా లేదు. తగ్గితే సంతోషించవలసినవి కొన్ని, తగ్గితే భయపడవలసినవి కొన్ని, ఒక అంకె కిందికి దిగితే ఇంకేదో పైకెక్కినట్టు. గోడలకు తగులుతూ వచ్చే వెలుతురు ఏ గోడ మీదినుంచి వచ్చిందో చెప్పలేనట్టే, ఏ మాట ఏ పక్కనుంచి వచ్చిందో తెలియడం లేదు. ఇంతకాలం ఇంటిని కాచినవాడే లోపల్లోపల గోడల సున్నం గీరుకు తింటున్నాడా? కాపలా సడలిస్తే, వీధి చివర ఎవరైనా కాచుకుని ఉన్నారా? గంజి వార్చడానికి అన్నం గిన్నె వంచినప్పుడు మణికట్టు వైపు చూసుకుంటోంది. అది ఏమీ చెప్పడం లేదు. ఎముకలు నొప్పి పెట్టవనీ, విరిగేదాకా మౌనంగా ఉంటాయనీ డాక్టరమ్మ చెప్పిన మాట ఒక్కటే సరిగ్గా అర్థమైంది.

"ఇంకా తేల్చుకోలేదా?" అన్నాడు ఆనందబాబు శనివారం, డబ్బాలు సంచిలో సర్దుతూ.

"మీరైతే ఏం చేస్తారు?"

"నాకు గేరు మార్చడం తెలుసు గానీ గ్రంథులు తెలియవే." సంచి మూతి కట్టి అన్నాడు. "మన పెళ్ళిలో అయ్యగారు చెప్పలా, ఇద్దరిలో ఒకరు తగ్గాలని? ఇప్పుడు మందు తగ్గాలో, నువ్వు తగ్గాలో చూసుకో."

"మీరు ఎప్పుడు తగ్గారంట?"

"నేను తగ్గబట్టే ముప్పై ఏళ్ళు గడిచింది."

ఆదివారం సరళకుమారి ముందు బెంచీలో కూర్చుంది. పోయిన వారం చెప్పిన సాక్ష్యాన్ని సరిచేయాలని. రాత్రంతా మాటలు పేర్చుకుంది. అయ్యగారు అడగగానే లేచింది.

"పోయిన ఆదివారం నా ఎముకల జబ్బు తగ్గిందని చెప్పాను. అసలు తగ్గింది జబ్బు కాదు. తగ్గినమాట నిజమే కానీ..."

"స్తోత్రం," అంది హాలు.

"కాదండీ. ఎముకలే తగ్గాయి. అందుకని డాక్టరమ్మ మందు కూడా తగ్గిస్తానంటోంది."

"మందు కూడా తగ్గిందంట. స్తోత్రం," అన్నారు వెనక బెంచీ నుంచి.

స్తుతి పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. సరళకుమారి ఇంకో మాట వెతికింది, దొరకలేదు, కూర్చుంది.

తర్వాత ప్రార్థన మనవులు. షారన్ లేచింది. పెద్దాసుపత్రిలో నర్సు, చిన్నపిల్లల తల్లి. కళ్ళ కింద నలుపు. "నా నైట్ డ్యూటీలు తగ్గాలని ప్రార్థన చేయండి. ఒళ్ళు అరిగిపోతోంది." ప్రతివారం ఎవరో ఒక నర్సు అడిగే మనవే. అందరూ కళ్ళు మూసుకున్నారు. అయ్యగారు ప్రార్థించారు. "ఆమేన్," అంది సరళకుమారి, అందరితో పాటు, గట్టిగా.

అన్నాక కళ్ళు తెరవడం మరిచిపోయింది. దేనికి ఆమేన్ అందో అప్పుడు వినిపించింది. పద్నాలుగేళ్ళుగా ఒక్క రాత్రి సెలవు లేకుండా నిలబడిన తన కాపలావాడు. వాడి కోసం ఎవరూ అడగలేదు.

సోమవారం కిటికీ సందులో వెలుతురు ఇంకా అలుక్కుపోయి ఉంది. ఆమె కొత్త సీసా మూత తీసి ఒక మాత్ర అరచేతిలో వేసుకుంది. పక్కన పాత మాత్ర ఒకటి పెట్టి చూసింది. ఏది ఎక్కువో ఏది తక్కువో కంటికి తెలియలేదు. పాతదాన్ని సీసాలో వేసి మూత బిగించింది. కొత్తదాన్ని నీళ్ళతో మింగింది.

సరిగ్గా చేసిందో లేదో రక్తం రెండు నెలలకు చెబుతుంది. ఎముకలు ఇంకా నిదానం, ఏడాదికి గానీ నోరు విప్పవు.

ఆనందబాబు లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గూట్లోని సీసాలనూ ఆమెనూ చూశాడు. "తగ్గావన్నమాట," అన్నాడు.

"టీకి ఇంకా గంట ఉంది. వెళ్ళి పడుకోండి," అందామె.