తడి ఆరని ఫ్లాస్కు

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేసిన రోజున మా హెడ్మాస్టరు గారు సంతోషం పట్టలేక అందరికీ ఒంటిపూట సెలవిచ్చారని నాకిప్పటికీ అనుమానం. అలాంటివాణ్ణి, మొన్న తెనాలిలో మనవరాలు గోళ్ళరంగు తుడుచుకుంటుంటే, ఆ ఘాటును పేరుతో సహా గుర్తుపట్టి గుమ్మం పట్టుకు నిలబడిపోయాను.

అది అసిటోన్ వాసన. బాపట్లలో ఒక కాలేజీ రసాయన ప్రయోగశాలలో అటెండరుగా గాజుసామాను కడిగిన ఏళ్ళన్నీ ఆ వాసనలోనే గడిచాయి. రేపల్లె నుంచి రోజూ వచ్చి అక్కడ పరిశోధన చేసే అమ్మాయి నన్ను బాబాయ్ అనేది. ఆమె తయారుచేసే అణువు ఎటంటే అటు వంగే పొడవాటి గొలుసు, దానికి మధ్యమధ్య కీటోన్లనే కొక్కేలు. ఒక మందు, అంటే ఇంకో రసాయనం, కలిపితే గొలుసు వంగి కొక్కేల దగ్గర ముడిపడి వలయమవుతుంది, ఇంకోటి కలిపితే ఇంకో రూపం. ఒక్క గొలుసులోంచి ఎన్నో కొత్త పదార్థాలు. ‘మా ఆవిడ ఒకే పిండితో ఇడ్లీ, అట్టు, పునుగులు చేస్తుందమ్మా, ఆవిడకెందుకివ్వరు డాక్టరేటు?’ అని ఆటపట్టించేవాణ్ణి.

కడిగిన ఫ్లాస్కును నీళ్ళతడి పోయేలా అసిటోన్‌తో జాడించి ఓవెన్లో ఆరబెట్టడం మా పద్ధతి. ఒక రోజు కరెంటు లేదు. ఆమె తొందర చూసి, ఫ్లాస్కును దులిపి ఇచ్చేశాను. నెలల కష్టంలో మిగిలిన చివరి చిటికెడు గొలుసు అందులో వేసి, భోంచేసొచ్చి మందు కలుపుతానని వెళ్ళింది. అసిటోన్ కూడా కీటోనేనని, తడి మిగిలితే గొలుసుకు అందాల్సిన మందును అదే కాజేస్తుందని ఆమె ఎప్పుడో చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది నాకు. నోరు మూసుకుంటే తప్పెవరిదో ఎవరికీ తెలియదు, తెరిస్తే నా టెంపరరీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. క్యారేజీ విప్పి, తినకుండానే మళ్ళీ మూసేశాను. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినగానే గుమ్మం దాకా ఎదురెళ్ళాను.

‘మందు పొయ్యకమ్మా, ఫ్లాస్కు ఆరలేదు!’

ఆమె ముఖం పాలిపోయింది. అదృష్టం కొద్దీ కరెంటొచ్చింది. ఫ్లాస్కును గాలి లాగే పంపుకు తగిలించి, అసిటోనంతా ఆవిరై పోయేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. తర్వాత మందు కలిపితే గొలుసు చక్కగా వలయం కట్టింది.

ఇప్పుడు గాజుసామాను కడగడానికీ యంత్రాలొచ్చాయట. మంచిదే, వాటికి చేతులు పగలవు. కాకపోతే గిన్నెలు కడిగేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం మీద గొలుసు గీసి చూపించే ఓపిక ఇప్పుడెవరికుంది?

ఆమె పరిశోధన అచ్చయి వచ్చినప్పుడు, ఇందులో నా పేరేదమ్మా అని నిలదీశాను.

‘మలినాలన్నీ ముందే లాగేశాం కదా బాబాయ్!’ అంది.