తెల్లదారికి నేను కొట్టిన ఎర్రకావి

ఆ రోజుల్లో నాకు తెలివి ఎక్కువ. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడికి తెలివి ఎక్కడిదని మీరు అడగవచ్చు. బడిలో ఖర్చు పెట్టలేదు కదా, అంతా అలాగే ఉండిపోయింది. ఆ నిల్వలోంచి ఒకే ఒక్కరోజు కొంచెం బయటికి తీశాను. దాంతో మా అవ్వ అరికాళ్ళు బొబ్బలెక్కాయి, ఈ భూమి ఎందుకు వేడెక్కుతోందో నాకు తెలిసివచ్చింది. రెండోదాని కోసం మొదటిది జరగాల్సింది కాదని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఎనభైల తొలినాళ్ళ సంగతి. మా మామ (అమ్మకు తమ్ముడు) చిత్తూరు చుట్టుపక్కల గుళ్ళకూ ఇళ్ళకూ సున్నాలు, రంగులు వేయించే మేస్త్రి. బస్టాండులో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను ఎగతాళి చేయడం తప్ప మరో పని నేర్వని నన్ను, అవ్వ పోరు పడలేక పనిలో పెట్టుకున్నాడు. మొదటి పని కాణిపాకం దారిలో ఒక గుట్ట మీది చిన్న గుడి. గోడలకు సున్నం, ఎర్రకావి పట్టీలు అయిపోయాయి. గుడి చుట్టూ జనం ప్రదక్షిణ చేసే బండల దారి ఒక్కటే మిగిలింది. మామ ఇంకో ఊరికి బయల్దేరుతూ, "దారికంతా దిట్టంగా తెల్లసున్నం కొట్టు. దాంట్లో నీ బుర్ర మాత్రం పెట్టొద్దురా సామీ," అని చెప్పి పోయాడు.

ఆ మాట అనకుండా ఉంటే పెట్టేవాణ్ణి కాదేమో. దారిని చూస్తూ ఆలోచించాను. జనం తొక్కే చోట తెలుపేమిటి? రెండు రోజుల్లో మట్టి పట్టిపోదూ? ఎర్రకావి అయితే మురికి కనబడదు. పైగా కావి బకెట్టు నిండా మిగిలి ఉంది. పొద్దుగూకేలోగా దారి మొత్తం ఎర్రగా కొట్టి, అంచుల్లో తెల్లచుక్కలు కూడా పెట్టాను. మర్నాడు పొద్దున పూజారి చూసి, "ఏందబ్బా, పెండ్లిపీట మాదిరి ఉండాదే!" అని మురిసిపోయాడు. చల్లటి పూట ఎవరైనా మురిసిపోతారు.

ఆ మధ్యాహ్నానికి అవ్వ వచ్చింది. మనవడు పనిలో కుదురుకుంటే మిట్టమధ్యాహ్నం పదకొండు చుట్లు తిరుగుతానని మొక్కుకుందట. (సాయంత్రం తిరగొచ్చు కదా అంటే, "కష్టం లేకుంటే సామి లెక్కలోకి తీసుకోడు" అంది.) మే నెల ఎండ. మొదటి చుట్టు మామూలుగా నడిచింది. రెండో చుట్టు తొందరగా నడిచింది. మూడో చుట్టులో కాలు కింద పెట్టిందీ తీసిందీ తెలియడం లేదు. నేను మంటపం నీడలో కూర్చుని, "ఏమవ్వా, సామి ముందర చిందులేస్తా ఉండావా?" అని అరిచాను. ఆమె గోడ పట్టుకుని ఒక కాలు ఎత్తింది. అరికాలు ఉబ్బి, నీరు పట్టి ఉంది. నేను నీడలోంచి లేచి దగ్గరికి పోయాను.

"కాలతా ఉండాదిరా. ఈ దావలో ఎన్నిసార్లు తిరగలే! మునుపు ఇట్ల లేదే," అంది.

"సాలించవ్వా. లేకుంటే నేను ఎత్తుకుని తిప్పుతా."

"మొక్కింది నా కాళ్ళు. నీ వీపు కాదు."

సరిగ్గా అప్పుడే మా సైన్సు అయ్యవారు దర్శనానికి వచ్చారు. నన్ను బడి మానేలా చేసిన పుణ్యంలో ఆయనకూ భాగముంది. చెప్పులు కింద వదిలేసి దారిలో అడుగు పెట్టారో లేదో, ఎగిరి మంటపంలో పడ్డారు. "ఎవుడ్రా ఈ కావి కొట్టిన మహానుభావుడు?"

"నేనే అయ్యవారూ."

"అట్ల చెప్పు! తెల్లసున్నం ఎండను వచ్చిన దావనే ఎనక్కి పంపిస్తాదిరా. ఈ ఎరుపు మింగేస్తాది."

"అయితే ఇప్పుడే సున్నం కొట్టేస్తా."

"కొట్టు. కానీ మింగిన వేడి బండలోనే ఉండాది కదా. అది కక్కేదానికి శానా పొద్దు పడతాది. నీ సున్నం రేపొచ్చేవాళ్ళకు. ఇప్పుడు మీ అవ్వ సంగతి చూడు."

పూజారి దగ్గర్నుంచి రెండు గోనెసంచులు తెచ్చి, నీళ్ళలో ముంచి, అవ్వ ముందు ఒకటి పరిచాను. ఆమె దాని మీద నిలబడగానే రెండోది ముందుకు, వెనకది లాగి మళ్ళీ ముందుకు. అలా ఎనిమిది చుట్లు వంగినవాణ్ణి వంగినట్టే. అయ్యవారు నీడలో నిలబడి, మేము ఎదురుగా వచ్చిన ప్రతిసారీ ఒక ముక్క పాఠం చెప్పేవారు. నాలుగో చుట్టులో: భూమికి పైకొసనా కిందికొసనా తెల్లటి మంచు ఉంది, అది భూమికి సున్నం లాంటిది. అయిదో చుట్టులో: మనం బొగ్గు, పెట్రోలు కాల్చేకొద్దీ బొగ్గుపులుసు వాయువు (ఆకలి మీదున్నానేమో, వినగానే అన్నం గుర్తొచ్చింది) గాలిలో పెరుగుతుంది. అది ఎండను లోపలికి రానిస్తుంది, భూమి కక్కే వేడిని మాత్రం తొందరగా పైకి పోనివ్వదు, కంబళి కప్పినట్టు. ఆరో చుట్టులో: వేడికి మంచు కరిగితే కింద నల్లటి సముద్రం బయటపడుతుంది. అది ఇంకా వేడి మింగుతుంది, ఇంకా మంచు కరుగుతుంది.

"ఆ సముద్రానికి కూడా నేనే కొట్టినానా అయ్యవారూ?" అన్నాను, వంగినవాణ్ణి వంగినట్టే.

"నువ్వొక్కడివే కాదులే. అందరమూ తలా ఒక కుంచె పట్టుకోనుండాము."

"చిత్తూర్లో ఎండలు ఎప్పుడూ ఉండేటివే కదా?"

"ఒక దినం ఎండ గురించి కాదురా. ఏండ్ల తరబడి సూస్తే మొత్తం మీద పెరగతా పోయేదాని గురించి."

"మాట్లాడొద్దండ్రా, నా లెక్క తప్పిపోతాది!" అని అవ్వ కసిరింది. నేను సంచి ముందుకు జరిపాను.

పదకొండో చుట్టు అయ్యాక మంటపం మెట్టు మీద కూలబడింది. పాదాలు కావి అంటుకుని పారాణి పెట్టుకున్నట్టున్నాయి. నేను నీళ్ళచెంబు అందించి, తల దించుకుని, "సున్నం కొట్టమన్నాడు మామ. నేనే కావి కొట్టినా అవ్వా," అన్నాను.

"మొదటి సుట్టులోనే తెలుసులేరా. ఇంత సింగారంగా, ఇంత బుద్ధిలేకుండా ఇంకెవుడు కొడతాడు?"

"మరి తిట్టలేదే?"

అవ్వ గర్భగుడి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "సామి ఇంటాడని. నీ పని నిలబడాలని కదరా నేను తిరగతా ఉండేది."

ఆ సాయంత్రమే సున్నం కొట్టాను. ఒక పూత, రెండు పూతలు. కావి అంత సులభంగా పోతుందా? రెండు నెలల పాటు ఆ దారి లేత గులాబీ రంగులోనే ఉండింది. ఇవాళ మా మనవరాలి పాఠ్యపుస్తకంలో కరుగుతున్న మంచుకొండ బొమ్మ ఉంది. ఇదేమిటి తాతా అని అడిగితే, అయ్యవారు చెప్పినదంతా చుట్టు చుట్టుగా చెబుతాను. చెబుతున్నంతసేపూ నాకు మంచుకొండ కనబడదు, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డ మా అవ్వ కనబడుతుంది. కావి కొట్టింది నేను. నీడలో కూర్చున్నదీ నేనే.

ఒక్కోసారి, తడిసంచులు లాగుతూ వంగి వంగి పోతున్న ఆ కుర్రాడు కూడా కళ్ళముందుకు వస్తాడు. వాణ్ణి ఒక మాట ఎగతాళి చేద్దామని నోరు తెరుస్తాను. వాడు తల ఎత్తడు. వాడికి తీరిక లేదు పాపం, ఇంకా మూడు చుట్లు ఉన్నాయి.