మా నైరుతి మూల బావి

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. నేను కట్టకుండానే చూశాను. నార్సింగి దాటాక ఎర్రమట్టి దారి పక్కన, అర ఎకరం నేలలో మేము కట్టుకోవాలనుకున్న ఇంటికి ఒక్క గోడా లేవలేదు. అయినా దాని వంటింటి కిటికీలోంచి ఏమేం కనపడతాయో ఇప్పటికీ చెప్పగలను.

తొంభైల చివరి రోజులవి. మేము కూకట్‌పల్లిలో అద్దెకుండేవాళ్లం. నేను ప్రభుత్వ పాఠశాలలో సైన్సు టీచర్ని. మావారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఇద్దరం కృష్ణా కాలవ గట్ల మీద పెరిగినవాళ్లం. గునపంతో రెండు పోట్లు పొడిస్తే నీళ్లు ఊరే నేల మాది. అలాంటిది హైదరాబాదు వచ్చాక నీళ్ల కోసం ఇంటి ఓనరావిడ మొహం చూసి బతకాల్సి వచ్చింది. ఆవిడకి మనసు బాగాలేకపోతే మోటారు చెడిపోయేది. ట్యాంకరు వచ్చిన రోజున, నా దగ్గర చదువుకునే పిల్లల తల్లులతోనే బిందెల దగ్గర పోట్లాడేదాన్ని. మర్నాడు అదే నోటితో క్లాసులో నీటి చక్రం పాఠం చెప్పేదాన్ని. ఒకసారి ఎవరో నా చేతిలోంచి పైపు లాక్కున్నారు. తడిసిన చీరతో నడివీధిలో నిలబడి ఒట్టు పెట్టుకున్నాను, ఎవరినీ ఏదీ అడగక్కర్లేని ఇల్లు ఒకటి కట్టుకోవాలని.

మాదాపూర్ గుట్టల్లో కంప్యూటర్ కంపెనీల కోసం బండలు పేలుస్తున్న రోజులు. మా తోటివాళ్లు బాచుపల్లి వైపు చిన్న చిన్న ప్లాట్లు కొనుక్కుంటున్నారు. మేము గచ్చిబౌలి కూడా దాటిపోయి పొలం చెక్క కొన్నాం. "అడవి కొన్నారటగా, పులులు కూడా రిజిస్టర్ చేశారా?" అని మావారిని ఆఫీసులో ఆటపట్టించేవారట. ఆయన నవ్వి ఊరుకునేవారు. నాకైతే ఒళ్లు మండేది.

నిజం చెప్పాలంటే నేను కొన్నది నేలను కాదు, అందులో ఉన్న బావిని. నైరుతి మూల పల్లంలో, రాళ్లతో కట్టిన పాత బావి. దిగడానికి మెట్లు. మండు వేసవిలో చూడబోయినా అడుగున నీళ్లు కదులుతూ కనిపించాయి. చుట్టూ బండలూ, సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేని చోట అన్ని నీళ్లు చూసేసరికి నాకు పుట్టిల్లు కనపడినంత సంతోషమైంది. ఆ నేల అమ్మినామె ఆ ఊరి మనిషే, నాకంటే కాస్త పెద్దది. మా మూలకు అవతల, ఇంకా పల్లానికి దిగిన చెక్కలో కూరగాయలు వేసేది. బావి లేకపోతే ఈ నేల మాకొద్దని నేను పట్టుబట్టాను.

"బాయి మా మామ తొవ్విచ్చిండు టీచరమ్మా," అందామె. "సరే, ఇస్త. గని నా బర్లకు, తోటకు నీళ్లు ఆపొద్దు మల్ల."

నీళ్లు ఆపేవాళ్ల చేతుల్లో నలిగినదాన్ని, నేనెందుకు ఆపుతాను? ఎన్ని కావాలంటే అన్ని తోడుకోమన్నాను. ఆ తర్వాత మేమిద్దరం ఆ గట్టు మీదే కూర్చుని ఆమె తెచ్చిన మక్కజొన్న పొత్తులు తిన్నాం.

ప్రతి ఆదివారం స్కూటరు మీద వెళ్లేవాళ్లం. స్కూలు చార్టు కాగితం మీద ప్లాను గీశాను. కప్పు మీద పడ్డ వానచుక్క ప్రతి ఒక్కటీ కాలవలో దిగి, ఇసుక, బొగ్గు పరిచిన గుంటలో వడకట్టుకుని బావిలో చేరాలి. రెండు గేదెలు, వాటి పేడతో గోబర్ గ్యాస్, ఆ గ్యాస్‌తో వంట. స్నానాల నీళ్లు అరటికీ చేమకీ. గోడలకి ఆ నేలలోని రాయే. మునగ, కరివేపాకు, నిమ్మ ఎక్కడెక్కడ నాటాలో చుక్కలు పెట్టాను. ఎండతో వండే సోలార్ కుక్కర్ పెట్టె ఒకటి ముందే కొని అద్దింటి డాబా మీద కందిపప్పు ఉడికించేదాన్ని. మధ్యాహ్నానికి ఉడికేది, మబ్బు పడితే సాయంత్రానికి కూడా పలుకుగానే ఉండేది. మావారు ఆ పప్పు నములుతూ వేళాకోళం చేసేవారు.

"అన్నీ బాగానే ఉన్నాయోయ్ పంతులమ్మా. ఉప్పెక్కడ పండిస్తావు?"

"ఉప్పు కొనుక్కుందాం లెండి."

"మరి ఇన్ని పనులూ నువ్వే చేసుకుంటే నేనెందుకు ఆ ఇంట్లో?"

"గేదెల్ని కడగడానికి," అనేదాన్ని.

ఆయన గట్టిగా నవ్వేవారు. ఆ రోజుల్లో ఆయన నవ్వడం ఎక్కువ.

అప్పుడు హైదరాబాదుకి వాస్తు జ్వరం పట్టుకుని ఉంది. మెట్లు పగలగొట్టి ఇటునుంచి అటు తిప్పినవాళ్లు, గేటు మార్చి పక్కింటివాళ్లతో కోర్టుకెక్కినవాళ్లు, ప్రమోషన్ కోసం ఆఫీసులో కుర్చీ మొహం మార్చుకున్నవాళ్లు, అందరూ చదువుకున్నవాళ్లే. మావారి అక్కగారు, అంటే మా వదినగారు, శంకుస్థాపనకి ముందు ఒక సిద్ధాంతిగారిని వెంటబెట్టుకుని నేల చూడటానికి వచ్చారు. ఆయన దిక్సూచి చేతిలో పట్టుకుని నేలంతా మెల్లగా తిరిగి బావి దగ్గర ఆగారు.

"నైరుతిలో గొయ్యి ఉండకూడదమ్మా. అందులోనూ నీళ్లున్న గొయ్యి. యజమానికి ప్రాణగండం."

"మేము పుట్టకముందు నుంచీ ఉందండీ ఆ బావి," అన్నాను. "మా కంచె ఇక్కడ పడింది కాబట్టి అది నైరుతి అయింది. ఆ కంచె ఇంకాస్త అవతల పడి ఉంటే బావి నడిమధ్యన ఉండేది."

"నడిమధ్య బ్రహ్మస్థానమండి. అక్కడ అసలే పనికిరాదు," అన్నారాయన, ఏమాత్రం కోపం లేకుండా. బావి పూడ్చేసి ఈశాన్యంలో బోరు వేయించుకోమన్నారు.

"నీళ్లున్నచోట పూడ్చి, నీళ్లు లేనిచోట తవ్వమంటారా?" అని నేను గొంతు పెంచాను. మావారు నా చెయ్యి పట్టుకుని నొక్కారు. వదినగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"నాకున్నది వీడొక్కడే తమ్ముడమ్మా. నీకు ఆ నీళ్లే ముఖ్యమా?"

ఆవిడ చెడ్డమనిషి కాదు. అందుకే ఆ మాట అంత లోపలికి దిగింది. అయినా మేము బావి పూడ్చలేదు. ప్లాను మార్చలేదు. స్కూటరు మీద తిరిగి వస్తూ మావారు సిద్ధాంతిగారి గొంతును అనుకరిస్తే నేను కొండాపూర్ దాకా నవ్వుతూనే ఉన్నాను.

వానాకాలం మొదట్లో, నీళ్లు ఎంత పెరిగాయో చూద్దామని మావారు తాడు పట్టుకుని బావిలోకి దిగారు. నేను ఒడ్డున ఉన్నాను. నాచుపట్టిన మెట్టు మీద కాలు జారింది. ఆయన కింది మెట్టుకి ఛాతీ కొట్టుకుని, అక్కడే బోర్లా పడిపోయారు. నేను అరిచిన అరుపుకి పక్క చెక్కలోంచి నేల అమ్మినామె, ఆమె కొడుకులు పరిగెత్తుకొచ్చారు. వాళ్లే మోసుకుని పైకి తెచ్చారు.

"పరేషాన్ గాకు టీచరమ్మా, పాణానికేం గాలె. జర దవాఖానకు తీస్కపోదాం," అంటూ ఆమె తన కొంగుతో ఆయన మొహం తుడిచింది.

ఆసుపత్రిలో పక్కటెముక చిట్లిందన్నారు. రక్తపోటు కూడా ఎక్కువగా ఉంది, ఈ వయసులో మామూలే, మాత్రలు వేసుకోమన్నారు. డాక్టరు చెప్పింది అంతే. నాచుంటే జారుతుంది, జారితే దెబ్బ తగులుతుంది. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగితే కాకి పండును పడేసినట్టు కాదని నేనే ఏటేటా పిల్లలకి చెప్పేదాన్ని. అనుమానం పెనుభూతమని కూడా చెప్పేదాన్ని. ఆ భూతం ఇప్పుడు మా ఇంట్లోనే కాపురం పెట్టింది. ఆయన దగ్గితే నా చేతిలో పని ఆగిపోయేది. స్కూటరు చప్పుడు కాస్త ఆలస్యమైతే గుమ్మంలోకి వచ్చి నిలబడేదాన్ని. ప్లాను ముందేసుకుని కూర్చుంటే పెన్సిలు బావి దాకా వచ్చి ఆగేది. నా మీద నాకే అసహ్యం వేసేది. అయినా భయం తగ్గేది కాదు. ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను, చెబితే నేనిన్నాళ్లూ వెక్కిరించినవాళ్లంతా నన్ను చూసి నవ్వుతారు.

ఈలోగా వదినగారు సిద్ధాంతిగారి దగ్గర్నుంచి ఇంకో ఉపాయం తెచ్చారు. బావి పూడ్చక్కర్లేదు. ఆ మూల ముక్కను కోసి అవతలి ఆమెకే తిరిగి ఇచ్చేసి, మధ్యన గోడ కట్టుకోవాలి. బావి ఆమె చెక్కకి ఈశాన్యంలో పడుతుంది కాబట్టి ఆమెకి మేలు. మనకి దోషం పోతుంది. మా గండం ఆమెకి అదృష్టమట. గోడ ఒక్కటి అడ్డం పెడితే చాలట.

నేను ఎగిరిపడతానని వదినగారు కాచుకుని ఉన్నారు. నేను నోరెత్తలేదు. మావారు నా మొహం చూశారు.

"సరే, అలాగే చేద్దాం అక్కా," అన్నారు.

ఆవిడ వెళ్లాక అడిగాను. "మీకు నమ్మకం లేదుగా?"

"లేదు. కానీ నువ్వు సరిగ్గా అన్నం తిని ఎన్నాళ్లయిందోయ్? బావి ఎక్కడికీ పోదు. గోడ అవతల ఉంటుంది. ఆ పక్క చెక్కావిడ నీళ్లు కాదంటుందా? పైపు వేసుకుందాం."

ఆ పూట నేను కడుపునిండా తిన్నాను. నా కోసం ఆయన అంత తేలిగ్గా వదిలేసినందుకు ఆయన మీద కోపం కూడా వచ్చింది. రెండూ నిజమే.

ఆ ముక్క తిరిగి ఇస్తామంటే అవతలి ఆమె నమ్మలేదు. "గిదేంది టీచరమ్మా, నీళ్లున్న బాయిని ఎవరన్న ఇడుస్తరా? ఏమన్న ఖరాబైందా?" అని బావిలోకి తొంగి చూసి, గుప్పెడు నీళ్లు తీసుకుని రుచి కూడా చూసింది. ఏం చెప్పను? మా ఆచారం అని గొణిగాను. ఆమె కొడుకులకి మాత్రం వాస్తు సంగతి తెలుసు. ఈశాన్యంలో బావి వస్తుందని వాళ్లు సంబరపడ్డారు. గోడ లేచింది. మా వైపు ఈశాన్యంలో బోరు బండి పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా మొత్తుకుంది. తెల్లటి రాతిపిండి లేచి మా నెత్తిన పడింది తప్ప చుక్క నీరు రాలేదు. రెంటికీ చెడ్డ రేవడి కథ మాది.

మొదటిసారి గోడ చుట్టూ తిరిగి బిందెతో వెళ్లి, "అక్కా, నీళ్లు పట్టుకోనా?" అని అడిగాను. "గట్ల అడుగుతవేంది, బాయి నీది గాదా?" అంది ఆమె. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. కానీ అడిగింది నేను. ఎవరినీ ఏదీ అడగక్కర్లేని ఇంటికి ముగ్గు పోయకముందే అడగడంతో మొదలుపెట్టాను. బిందె నిండుతుంటే తల దించుకుని నిలబడ్డాను.

పైపు కొనే లోపే కార్లు రావడం మొదలైంది. తెల్లబట్టలవాళ్లు దారిలో ఆగి, చేతులు చాపి అటూ ఇటూ చూపించుకునేవాళ్లు. ఆ ఏడు తిరిగేసరికి ఆమె చెక్క, దాని పక్కవి, అన్నీ ఒక లేఅవుట్ కిందికి వెళ్లిపోయాయి. చెప్పడానికి ఆమె బస్సులు మారి కూకట్‌పల్లి దాకా వచ్చింది.

"పోరగాండ్లు ఇనలే టీచరమ్మా. నేను ఏడ్చిన, మొత్తుకున్న. బాయి గూడ పాయె." కాఫీ తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి, "నీ దగ్గరుంటె ఉంటుండె బాయి," అంది.

ఆ తర్వాతి ఆదివారం మేము వెళ్లేసరికి లారీ వచ్చి ఉంది. లేఅవుట్ వాళ్లు సున్నంతో గీతలు గీశారు. ఆ గీతల ప్రకారం బావి ఏ ప్లాటుకీ నైరుతి కాదు, ఈశాన్యం కాదు. రోడ్డు మధ్యకి వచ్చింది. ఎక్కడో గుట్టలు పేల్చగా వచ్చిన రాళ్లు తెచ్చి అందులో పోశారు. మొదట నీళ్ల చప్పుడు వినిపించింది. తర్వాత రాయి మీద రాయి పడ్డ చప్పుడే. మావారు గోడ మీద చేతులాన్చి చూస్తూ నిలబడ్డారు.

"దోషం పూర్తిగా పోయిందోయ్," అన్నారు, నవ్వించడానికి. అంటూనే ఏడ్చేశారు. ఆయన ఏడవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. జేబురుమాలు తీసి ముక్కు చీదుకుని, ఆ గేదెలకి పేర్లు కూడా పెట్టుకున్నానని చెప్పారు. నాకు ఆ సంగతి తెలియదు. ఆ ఇల్లు కావాలన్నది నేనొక్కదాన్నే అనుకున్నాను అన్నాళ్లూ.

ఆ నేల తర్వాత అమ్మేశాం. మావారు నిక్షేపంగా ఉన్నారు. వదినగారు అది తలుచుకుని ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటారు, నేనూ పెట్టుకుంటాను. బావి ఉంచుకుని ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? ఏమీ అయ్యేది కాదని నా చదువు చెబుతుంది. ఆ మాట పైకి అనడానికి మాత్రం నాకు నోరు రాదు, అంటే ఆయనకేమైనా అవుతుందేమోనని. మొన్న ఆయనకి కాస్త ఆయాసం వస్తే పక్కన కూర్చుని వీపు రాస్తూ, పోయింది బావే కదా, పోనీలే అనుకున్నాను. అలా అనుకున్నందుకు వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.