జమీలా టీచర్ విప్పి చెప్పిన మాట

ఆదోని బస్టాండు పక్క బేకరీలో పొద్దున్నే బ్రెడ్డు కాలే వాసన వస్తుంది. అది ముక్కుకు తగిలిన రోజు, నేను పాఠాలు చెప్పే బడికి నడుస్తూ దారంతా జమీలా టీచర్‌నే తలచుకుంటాను. ఎమ్మిగనూరు బాలికల బడిలో ఆమె మాకు ఇంగ్లీషు చెప్పేవారు. ఒకరోజు పాఠంలో ‘బ్రెడ్‌విన్నర్’ అనే మాట వచ్చింది. సంపాదించి ఇల్లు నడిపే మనిషి అని చెప్పి, మీ ఇళ్ళలో ఎవరని అడిగారు. అందరూ నాన్న అన్నారు. నేను "మా అమ్మ, టీచర్" అన్నాను. తరగతంతా పకపకా నవ్వింది.

మాది నేతపని చేసే ఇల్లు. పక్షవాతంతో నాన్న ఎడమకాలు పడిపోయాక కాళ్ళతో తొక్కి నేసే మగ్గం గుంటలోకి అమ్మ దిగింది. అంతవరకు అమ్మ చేసిన పని, రాట్నం మీద కండెలకు నూలు చుట్టడం, నాన్న అందుకున్నాడు. బడిలో నేనన్న మాట సాయంత్రానికల్లా మా వీధికి చేరింది. నాన్న నన్ను పల్లెత్తు మాట అనలేదు. రాట్నాన్ని మూలకు జరిపి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. "పెండ్లాం కష్టం తింటాండానని ఊరికంతా తెలిసిపాయె" అని మాత్రం అమ్మతో అన్నాడు. కండెలు లేక మర్నాడు మగ్గం ఆగిపోయింది.

నా వాలకం చూసి జమీలా టీచర్ సంగతి అడిగి తెలుసుకున్నారు. సెలవురోజు మా ఇంటికే వచ్చారు. లేవబోయిన నాన్నను వద్దని, ఆయనకెదురుగా చాప మీద కూర్చున్నారు.

"అన్నా, ఆ మాట నేను పిల్లలకు సగమే సెప్పినా. ‘విన్’ అంటే ఇప్పుడు గెలవడం. పాతకాలం ఇంగ్లీషులో ఒళ్ళు వంచి పాటుపడడం. రొట్టె కోసం పాటుపడేటోళ్ళకి ఆ పేరు వచ్చింది."

"ఆ పాటు నా పెండ్లాందే గదా టీచరమ్మా."

"కండె ల్యాకుంటే మగ్గం ఆడుతుందా అన్నా?"

నాన్న మూలనున్న రాట్నం వైపు చూశాడు. టీ తెచ్చిన అమ్మ, "యాడ ఆడుతుంది? అట్లే నిలబడిపోయింది సూడు" అంది. నాన్నకు నవ్వొచ్చింది. టీచర్ టీ తాగడం పూర్తికాకముందే మా ఇంట్లో రాట్నం తిరగడం మొదలైంది.

తర్వాత ఆమె బదిలీ మీద వెళ్ళిపోయారు. మళ్ళీ చూడలేకపోయాను. మాటల వెనక మనుషులుంటారని ఆమె వల్లే తెలిసింది. నేనూ ఇంగ్లీషు టీచర్‌నయ్యాను. నాన్న పోయినప్పుడు అమ్మను ఓదార్చడానికి వచ్చిన బంధువొకామె, "ఇన్నేండ్లూ ఒక్కదానివే ఇల్లు ఈడ్చినావు" అంది. ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మ కళ్ళు తుడుచుకుని, "యాడ ఒక్కదాన్ని? ఇద్దరం నేసినాం" అంది.

‘బ్రెడ్‌విన్నర్’ ఉన్న పాఠం చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ పాత అర్థంతోనే మొదలుపెడతాను. ఆ తర్వాత మా పిల్లల్ని "మీ ఇంట్లో ఎవరెవరు?" అనే అడుగుతాను.